ఇంటర్వెల్‌కి ఇచ్చిన కథ

ఆ ఏడు మే నెల కత్తిరి ఎండల్లో మా సాలిగ్రామం ఇంటి ముందుగదిలో నలుగురు మగవాళ్ళు చాప మీద కూచుని, ఒక మొగుణ్ణి చంపాలా ఉంచాలా తేలక పొద్దస్తమానం కొట్టుకునేవారు. ఆ మొగుడు మా అబ్బాయి తీయబోయే మొదటి సినిమాలో కథానాయిక భర్త. చంపితే రెండో సగమంతా ఏడుపే. ఉంచితే రెండో సగమే లేదు. ఇంటర్వెల్ దగ్గర కథ మా వీధిలో నీళ్ళ లారీలా నిలబడిపోయింది. చుట్టూ గోలే తప్ప చుక్క దిగదు.

మా అబ్బాయి పేరు తిరునావుక్కరసు. కోడంబాక్కంలో అరసు అంటే కెమెరామన్ అరసే. ఎవరి సినిమా చూసొచ్చినా జనం అనే మాటల్లో ‘ఫొటో బాగుంది’ అన్న ముక్క మావాడిది, ‘కథ బాగుంది’ అన్న ముక్క ఇంకొకరిది. ఆ రెండో ముక్క కోసం వాడి ప్రాణం కొట్టుకుంది. కిందటి దీపావళికి ‘నేను డైరెక్షన్ చేస్తున్నాను’ అని అందరికీ చెప్పాడు. చెప్పిన మర్నాటి నుంచి కెమెరాకి పిలిచేవాళ్ళు పిలవడం మానేశారు. ‘డైరెక్టరు గారైపోయారుగా, ఇంకా మా సెట్లో లైట్లేం పెడతారు’ అని ఫోన్లోనే నవ్వేవారు. డబ్బు పెట్టే చొక్కలింగం గారికి కుంభకోణంలో స్టీలు పాత్రల కొట్టు ఉంది. ఆ వేసవి దాటకముందే, వైకాసి నెలాఖరుకి కథ మొత్తం వినిపించకపోతే ఇంకెవరిదో నవ్వుల సినిమా మొదలుపెడతానన్నాడు. అంటే ఆ నెల దాటితే మావాడు కెమెరామనూ కాదు, డైరెక్టరూ కాదు.

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువ. వాడు క్రేన్ ఎక్కుతున్నానంటే క్రేన్ మీంచి పడినవాడి సంగతి చెప్పేదాన్ని. ఏటి దగ్గర షూటింగ్ అంటే సుడిలో పోయినవాళ్ళందరి పేర్లూ చెప్పేదాన్ని. ‘మా అమ్మ దగ్గర చావు కథలు తప్ప ఇంకేం లేవు’ అని వాడు ఎగతాళి చేసేవాడు. నా చావు కథల్లో ఒక్కటి మాత్రం నేను ఎన్నడూ, ఎవరికీ చెప్పలేదు.

ఆ పూట నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి ముత్తుకరుప్పన్ అందుకున్నాడు. మావాడి దగ్గర కో-డైరెక్టరు. తల నెరిసిపోయింది, సొంత సినిమా మాత్రం ఇంకా రాలేదు. ఉన్నదల్లా నోరు.

“కెమెరామన్ సినిమా తీస్తే ఏముంటుంది సార్? పొద్దు పొడుస్తుంది, పొద్దు గుంకుతుంది. మధ్యలో మనం బయటికెళ్ళి సమోసా తినొస్తాం. పేపరోళ్ళు ఈ ముక్క ఇప్పుడే రాసి పెట్టుకునుంటారు.”

మిగతా ఇద్దరూ నవ్వారు. అరసు నవ్వలేదు. వాడి చెవి ఎర్రబడటం నాకు కనిపించింది. చిన్నప్పుడు మాస్టారు కొట్టొచ్చినా చెప్పేవాడు కాదు, ఆ చెవి చూసే నేను కనిపెట్టేదాన్ని.

“ఏం ముత్తూ,” అన్నాను ట్రే కింద పెట్టి. “మొగుణ్ణి చంపనూ వచ్చు, ఉంచనూ వచ్చు. మా వైపు ఒకావిడ అట్లాగే చేసింది.”

“రెండూ ఎట్లాగమ్మా? సగం చంపిందా?”

చెప్పాను. నిలబడే చెప్పాను, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

కొళ్ళిడం పొంగిన ఏడు ఒక బస్సు ఏట్లో పడిపోయింది. పెళ్ళయి రెండేళ్ళయినా నిండని పిల్ల ఒకతి, దాని మొగుడు ఆ బస్సులో ఉన్నాడు. దొరికిన శవాల్ని ధర్మాసుపత్రి వరండాలో వరసగా పడుకోబెట్టారు. ఇంట్లో మగవాళ్ళు గట్టు వెంబడి వెతుకుతుంటే ఆ పిల్ల ఇంకో ఆడమనిషిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. పోలీసాయన ఒక గుడ్డ ఎత్తాడు. ఆయనే. ఆ పిల్ల చూసింది. చూసి, ‘ఈయన కాదు’ అంది. ఎందుకంటే ఆయనే అన్న మరుక్షణం తన గాజులు, పూలు, ఆ ఇంట్లో తన చోటు అన్నీ ఊడిపోతాయి. కాదంటే మొగుడు కనపడకుండా పోయినవాడవుతాడు. కనపడనివాడి పెళ్ళాం పుణ్యస్త్రీయే, ఎన్నేళ్ళయినా. ఆ మాట అన్నాక తనే ఆ గుడ్డ పైకి లాగి, మెడ దగ్గర దోమలు దూరకుండా కప్పినట్టు కప్పి, అప్పుడు మొహం మీద వేసింది. వేసి తోడొచ్చిన ఆవిడతో, ‘పద, ఇంట్లో పాలు విరిగిపోతాయి’ అంది. ఆయన్ని దిక్కులేనివాళ్ళతో కలిపి పూడ్చారు.

ముత్తుకరుప్పన్ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, అంత మనిషీ నా కాళ్ళ మీద పడ్డాడు.

“అమ్మా, ఇన్నాళ్ళు మాకు కాఫీలిచ్చి కథ దాచుకున్నావా తల్లీ!”

అరసు మాత్రం నా వైపు చూడలేదు. గోడవైపు చూస్తూ ఒక్కటే అడిగాడు. “వెలుతురు ఎటునుంచి వస్తోందమ్మా, ఆ వరండాలో?”

“ఆ పిల్ల వెనక తలుపుంది. ఆ తలుపులోంచి. దాని నీడ ఆయన మొహం మీద పడింది. దాని మొహం పోలీసాయనకి కనిపించలేదు.”

“గాజులున్నాయా?”

“ఉన్నాయి. చప్పుడు కాకుండా ఇంకో చేత్తో పట్టుకుంది.”

అబద్ధమెందుకు, ఆ పూట నాకు గర్వంగానే ఉంది. నలుగురు చదువుకున్న మగవాళ్ళు నోరు తెరుచుకుని నా మాట వినడం అదే మొదలు. వంటింట్లోకి వచ్చి స్టవ్ ముందు నిలబడ్డాకే నేనేం చేశానో తెలిసింది. ఆ పిల్ల నా చెల్లెలు మరకతం. తోడెళ్ళిన ఆడమనిషిని నేను. ఇది ఎవరికీ చెప్పనని ఆ ఆసుపత్రి మెట్ల మీదే దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

మర్నాడు పొద్దున్నే అరసు పెరట్లో నా పక్కన వచ్చి కూచున్నాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

“పిన్ని కదా?” అన్నాడు.

నేను ఒక రాయి ఏరి అవతల పారేశాను.

“బాబాయి తప్పిపోయాడనే అనుకుంటున్నానమ్మా ఇన్నేళ్ళూ. రైల్లో ఎవరైనా పోలికగా కనిపిస్తే వెనకాలే వెళ్ళి చూసేవాణ్ణి.”

“ఆ కథ వద్దురా. పేరు మారిస్తే మాత్రం ఊరికి తెలియదా? వరద తెలుసు, బస్సు తెలుసు. ఇంకేదన్నా చెయ్యి. మొగుణ్ణి మిలటరీకి పంపెయ్యి.”

“మొదటిసారమ్మా, కెమెరా ఎక్కడ పెట్టాలో నాకు తెలిసిన సీను అదొక్కటే.” చేట తన వైపు జరుపుకుని, “నేను దొంగతనం చెయ్యను. నువ్వెళ్ళి పిన్నిని అడుగు. వద్దంటే తీసేస్తాను. వేరే కథ లేకపోతే లేదు,” అన్నాడు.

లేకపోతే ఏమవుతాడో వాడు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. డైరెక్టర్ కావాలని వెళ్ళి వెనక్కొచ్చిన కెమెరామన్లని నేను చూశాను. టీవీ సీరియళ్ళకి లైట్లు పెడుతూ, పొద్దున్నే తాగుతూ ఉంటారు. అప్పటికప్పుడు మావాడు వడపళని గుడి వెనక సందులో పడి ఉన్నట్టు నా కళ్ళకి కట్టింది.

బ్రాడ్వే బస్టాండులో బస్సెక్కి, మరకతం ఉండే సీర్కాళి వెళ్ళాను.

“ఏమిటక్కా, కబురైనా లేకుండా ఊడిపడ్డావు? ఎవరికేమైంది?” మరకతం గుమ్మంలోనే అడిగింది.

“ఎవరికీ ఏం కాలేదు.”

“నువ్వొచ్చావంటే ఎవరికో ఏదో అయ్యుండాలి. లేదా అవుతుందని చెప్పడానికి వచ్చుండాలి. కాళ్ళు కడుక్కో, మంచిరోజే వచ్చావు. ఇవాళ తిలకానికి గాజులు తొడుగుతున్నాం.”

తిలకం దాని మరిది పెద్దకూతురు, ఏడో నెల. హాలంతా ఆడవాళ్ళు. నిమ్మకాయన్నం, పులిహోర, కొబ్బరన్నం గిన్నెల్లో కప్పి ఉన్నాయి. నేను గోడ పక్కకి వెళ్ళి, నాలాంటి ఇద్దరు ముగ్గురితో కలిసి నిలబడ్డాను. మా ఆయన పోయినప్పటి నుంచి నా చోటు అదే. ఎవరూ పొమ్మనరు. మనకే తెలియాలి.

దాని తోడికోడలు సెల్వనాయకి గట్టిగా పిలిచింది. “మరకతమక్క చెయ్యి ముందు పడాలి! ఎక్కడున్నా బావగారు చల్లగా ఉండాలి, ఆ పసుపూ కుంకుమా చెక్కు చెదరకూడదు.”

మరకతం తలనిండా పూలతో పీట ముందు కూచుంది. పిల్ల బుగ్గలకి చందనం రాసి, ఎర్రగాజులు ఒక్కొక్కటే ఎక్కించింది. ఆ పెద్ద ఇంట్లో దానికి పిల్లల్లేరు, పొలం లేదు, ఉన్నదల్లా ఆ ముందు పడే చెయ్యే. గోడ దగ్గర నిలబడి చూస్తుంటే నా మనసులో ఒక మాట వచ్చింది. నేను నిజం చెప్పి గోడ పక్కకొచ్చాను, ఇది అబద్ధం చెప్పి పీట ముందు కూచుంది, అని. ఆ మాట అప్పుడు పుట్టింది కాదు. ఎప్పటి నుంచో లోపల ఉంది. ముందుగదిలో నా నోరు తెరిపించింది మావాడి ఎర్రబడ్డ చెవి ఒక్కటేనా, ఇదీనా? ఆ రోజు నుంచి ఆ లెక్క నాకు తెగలేదు.

భోజనాలయ్యాక మరకతం అరసు కోసం పులిహోర డబ్బాలో సర్దింది.

“వాడి సినిమా ఎంతవరకొచ్చిందక్కా?”

“కథ దొరికింది.”

“బతికించావు. ఏం కథ?”

“ఒక ఆడదాని కథ.”

“బాగా ఏడుస్తుందా?”

“ఏడవదు.”

“అయితే జనం చూడరు,” అని నవ్వింది. “పోనీలే, ఫొటో అయినా బాగుంటుంది.”

అడగడానికి నోరు తెరిచాను. అప్పుడే ఎవరో పిల్ల వచ్చి, “పెద్దమ్మా, హారతి నువ్వే ఇవ్వాలంట” అని దాని చెయ్యి పట్టి లాగింది. వెళ్ళిపోయింది. నేను డబ్బా పట్టుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి అరసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“పిన్ని ఏమంది?”

“సరేనంది.”

“నిజంగానా?”

“నీ కోసమైతే సరేనంది. పులిహోర పంపింది, తిను.”

వాడు అక్కడే మెట్టు మీద కూచుని, డబ్బా మూత తీసి, చెంచా కూడా లేకుండా తిన్నాడు. ఎన్నో నెలల తరవాత ఆకలితో తినడం చూశాను.

చొక్కలింగం గారు కథ విని కళ్ళు తుడుచుకున్నాడట. షూటింగ్ మొదలైంది. కెమెరా కూడా మావాడే చూసుకున్నాడు. ఆ వరండా సీను తీసేరోజు నన్ను సెట్‌కి పిలిపించాడు. ఆ వేషం వేసే అమ్మాయి మంచి నటే. కానీ గుడ్డ ఎత్తగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నాలుగైదుసార్లు తీశారు. అరసు కెమెరా వెనక నుంచి తల తిప్పి నన్ను చూశాడు. అందరి ముందూ ఏమీ అడగలేదు. నేనే లేచి వెళ్ళాను.

“ఏడవదమ్మా అది. ఆయన మొహం చూడదు కూడా. గుడ్డ సరిగ్గా ఉందా లేదా అని గుడ్డనే చూస్తుంది,” అని, శవం వేషంలో పడుకున్న కుర్రాడి మెడ దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. కుర్రాడి మెడ వెచ్చగా ఉంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఆ తరవాతి షాట్‌కే అరసు, “చాలు,” అన్నాడు. లైట్లు ఆర్పేవాళ్ళు కూడా కాసేపు ఆర్పలేదు.

మరుసటి ఏడు ఆడి నెలలో, ఆషాఢం రోజుల్లో, ఒక సాయంత్రం చిన్న థియేటర్లో మా వాళ్ళకని సినిమా వేశారు. నాకు చెప్పకుండా అరసు సీర్కాళికి కారు పంపాడు. నేను వెళ్ళేసరికి మరకతం ముందే వచ్చి కూచుని ఉంది. ఒళ్ళో మురుకుల సంచి, తలలో మల్లెలు.

“రా అక్కా. మన అరసు నాకు కారు పంపాడు చూడు! దారిలో రెండుసార్లు ఆపి కాఫీ కూడా ఇప్పించాడు ఆ డ్రైవరు.”

తలనొప్పని దాన్ని బయటికి తీసుకుపోదామనుకున్నాను. దీపాలు ఆరిపోయాయి.

వరద వచ్చినప్పుడు అది కొంచెం ముందుకు జరిగింది. వరండా వచ్చేసరికి సంచిలో చెయ్యి ఆగిపోయింది. తెర మీద ఆ అమ్మాయి గాజులు పట్టుకుని గుడ్డ మెడ దాకా లాగింది. నేను తెర వైపు చూడలేదు, పక్కకీ చూడలేదు. నా మోకాళ్ళు చూసుకుంటూ కూచున్నాను. ఇంటర్వెల్‌కి దీపాలు వెలిగాయి. మరకతం లేవలేదు. ముత్తుకరుప్పన్ సమోసాలు తెచ్చిస్తే ఒకటి తీసుకుని చేతిలో పెట్టుకుంది.

రెండో సగంలో నేను చెప్పనిది ఒకటి ఉంది. ఆడి అమావాస్య నాడు ఊరంతా ఏటికి పోయి చనిపోయిన తమవాళ్ళకి నీళ్ళు వదిలి వచ్చేశాక, ఆమె ఒక్కతే బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళినట్టు వెళుతుంది. గుప్పిట్లో కాసిని నువ్వులు. వంగి బిందె ముంచుతూ ఆ నువ్వులు నీళ్ళలో వదిలేస్తుంది. అంతే. బిందె చంకనేసుకుని వచ్చేస్తుంది.

సినిమా అయ్యాక అరసు వచ్చి మరకతం కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

“నువ్వు ఒప్పుకోకపోతే ఈ బొమ్మే లేదు పిన్నీ.”

మరకతం నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. మళ్ళీ వాడి తల నిమిరి, “ఎందుకు ఒప్పుకోనురా? నువ్వు పరాయివాడివా?” అంది.

చేతులు కడుక్కుంటానని పంపు దగ్గరికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను.

“గాజుల రోజు వచ్చింది ఇది అడగడానికేనా?”

“అవునే.”

“మరి అడగలేదేం?”

“నీ చేతుల్లో గాజులున్నాయి అప్పుడు.”

అది పంపు తిప్పి, వేళ్ళకి అంటిన సమోసా నూనె పోయేదాకా కడుక్కుంది.

“తీసెయ్యమంటాను మరకతం. ఇప్పుడే పోయి చెప్తాను, నేను వాడికి అబద్ధం చెప్పానని. వాడు తీసేస్తాడు. ఒప్పుకోనిది వాడుకునేవాడు కాదు.”

“తీసేస్తే వాడికేం మిగులుతుంది?”

వాడికి అబద్ధం చెప్పడం నేను చేసిన మొదటి పని, అక్కణ్ణుంచి కదలకపోవడం రెండోది.

“ఆ నువ్వులు వదలడం నువ్వు చెప్పావా?”

“లేదు. వాడే పెట్టుకున్నాడు.”

“నేనది చెయ్యలేదక్కా. ఒక్క ఏడూ చెయ్యలేదు. ఎవరికని అడుగుతారని భయం. ఆయనకి ఇన్నేళ్ళలో దోసెడు నీళ్ళు వదిలినవాళ్ళు లేరు.” పైట చెంగుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. “బొమ్మలోనైనా వదిలారు. ఉండనీ.”

బయటికొచ్చి మామూలు గొంతుతో మావాణ్ణి అడిగింది. “ఒరే, ఇది మా ఊరికి ఎప్పుడొస్తుంది?”

“వచ్చే నెల, ఆవణిలో విడుదల పిన్నీ. సీర్కాళికి ఇంకో వారం ఆలస్యంగా వస్తుందేమో. ఎందుకు, ముందే వెయ్యమననా?”

“వద్దు వద్దు. మా పూంగొడి పెళ్ళి ఆవణి మొదటి ముహూర్తానికి. తాళి పళ్ళెం నేనే పట్టాలి. ఆలస్యంగానే రానీ.” తరవాత నాతో, “నువ్వు పెళ్ళికి రా. రాకపోతే ఎందుకని అడుగుతారు,” అంది.

వెళ్ళాను. పూంగొడి తిలకం చెల్లెలు, మరకతం ఎత్తుకుని పెంచిన పిల్ల. ముహూర్తం ముందు కొబ్బరికాయ మీద తాళి పెట్టిన పళ్ళెం పట్టుకుని మరకతం పందిట్లో తిరిగింది, పెద్దలందరూ ముట్టుకుని దీవించడానికి. నేను గోడ దగ్గరే ఉన్నాను. వరసలన్నీ అయ్యాక అది తిరిగి మండపానికి పోకుండా నా వైపు వచ్చింది.

“అక్కా, అటు కాదు,” అని సెల్వనాయకి చిన్నగా అంది.

“మా అక్క. నాకంటే పెద్దది,” అని మరకతం పళ్ళెం నా ముందు పట్టింది. “ముట్టుకో.”

జనం చూస్తున్నారు. నేను ముట్టుకుంటే ఆ పిల్ల కాపురానికేమవుతుందో అని నా పాడు మనసు అప్పుడు కూడా కీడే తలచింది. పళ్ళెం కదల్లేదు. ముట్టుకున్నాను. మేళం జోరందుకుంది.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి మరకతం వెంట వచ్చింది. నలిగిన పట్టుచీర, జడలో వాడిన పూలు. వద్దన్నా నా సంచి తనే మోసింది. బస్టాండు మలుపులో థియేటర్ గోడకి ఒకడు నిచ్చెన వేసుకుని పోస్టరు అంటిస్తున్నాడు. ఆ అమ్మాయి మొహం సగం వచ్చింది. కింద కాగితం ఇంకా తడిగా, జిగురు కారుతూ ఉంది. నేను తల వంచుకుని గబగబా నడిచాను. మరకతం ఆగిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

“ఆగు, ఎక్కడికా పరుగు? బస్సు ఎక్కడికీ పోదులే. చూడక్కా, మన అరసు పేరు ఎంత పెద్దగా వేశారో.”